సముద్రం లేని సీమలో తిమింగలం

తిమింగలం సముద్రంలో బతికే క్షీరదం. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. డాల్ఫిన్లూ దీని బంధువర్గంలోవే. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 150 టన్నులు దాటుతుంది. భూమ్మీద పుట్టిన జంతువులన్నింటిలో ఇదే అతిపెద్దదని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఇంత పెద్ద జీవిని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వాళ్లు సొంత ఊళ్లో ఉండి చూడగలిగే అవకాశమే లేదు. ప్రధానంగా పాత వరంగల్ జిల్లాను విడదీసి 2016 అక్టోబరులో ఏర్పాటు చేసిన ఈ జిల్లాలు పూర్తిగా లోతట్టు ప్రాంతాలు. వీటిలో సముద్రానికి కాస్త దగ్గరగా ఉన్న మహబూబాబాద్ నుంచి కూడా తీరం సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది. అయినా ఇక్కడి వాళ్లకు తిమింగలం కొత్త కాదు. పురాణ శ్రవణంలో విన్నారు, గుడి తోరణాల మీద దాని చుట్టం లాంటి మకరాన్ని చూశారు. పేపర్లోనైతే తరచూ కనిపిస్తుంది. లంచం తీసుకుంటూ ఏసీబీకి చిక్కిన పెద్ద అధికారిని విలేకరులు ‘అవినీతి తిమింగలం’ అనే రాస్తారు. పాపం, అసలు తిమింగలాల్లో అతిపెద్ద జాతులు చాలావరకు తినేది చిన్న చిన్న రొయ్యల్లాంటి క్రిల్‌ను, చిరుచేపల్ని.

పురాణంలో, కావ్యంలో

ప్రాచీన భారతీయ గ్రంథాల్లో తిమి అంటే మహామత్స్యం, తిమింగిలం దాన్ని కూడా మింగేది. మహాభారతం ఆదిపర్వంలో కద్రూవినతలు ఉచ్చైశ్రవాన్ని చూడబోయే ఘట్టంలో సముద్ర వర్ణన ఉంది, అందులో తిమింగిలాలు ఉన్నాయి. భాగవతం అష్టమ స్కంధంలో పాలకడలిని చిలుకుతున్నప్పుడు తల్లడిల్లిన జలచరాల్లోనూ సంస్కృత మూలం వీటిని పేర్కొంటుంది. ఈ వర్ణనల్లో ఎక్కువ భాగం భయమే. ఎవరూ దగ్గరికెళ్లి చూసి రాసినట్టు ఉండదు.

కాళిదాసు ఒక్కడు వేరు. రఘువంశం పదమూడో సర్గలో పుష్పక విమానం మీద తిరిగి వస్తూ రాముడు సీతకు సముద్రం చూపిస్తాడు. నదీముఖాల దగ్గర తిమింగలాలు నోరు తెరిచి ప్రాణులతో సహా నీటిని తీసుకుంటాయని, నోరు మూసి తల మీది రంధ్రాల నుంచి నీటిధారలు పైకి చిమ్ముతాయని చెబుతాడు. పైకి చిమ్మేది మింగిన నీరు కాదు, ఊపిరితో వచ్చే ఆవిరి, తుంపర. ఆ ఒక్క పొరపాటు తీసేస్తే, పళ్లకు బదులు బలీన్ పలకలున్న తిమింగలం ఆహారం తీసుకునే పద్ధతికి ఇది చాలా దగ్గరి వర్ణన. నోటినిండా నీరు పట్టి, ఆ పలకల సందుల్లోంచి వదిలేసి, లోపల మిగిలిన ప్రాణుల్ని మింగడమే దాని తిండి తీరు. ఈ కావ్యానికి ప్రసిద్ధమైన సంజీవనీ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ ప్రాంతపు కొలచెలమ. అంటే భారతీయ సాహిత్యంలో తిమింగలాన్ని అంత నిశితంగా పట్టుకున్న శ్లోకాన్ని దేశమంతటికీ విప్పి చెప్పినవాడూ తెలంగాణ మెట్ట పండితుడే.

బౌద్ధులు భయం దగ్గర ఆగలేదు. దివ్యావదానంలో ధర్మరుచి కథ ఉంది. వర్తకుల నావ తిమితిమింగిలం నోట్లోకి కొట్టుకుపోతుంటే వాళ్లంతా ఒక్క గొంతుతో బుద్ధుణ్ని తలుచుకుంటారు. ఆ పేరు చెవిన పడగానే ఆ జీవి నోరు మూసుకుంటుంది. ఆకలితో చచ్చిపోయి, శ్రావస్తిలో మనిషిగా పుట్టి, ఎంత తిన్నా తీరని ఆకలితో పెరిగి, చివరికి భిక్షువవుతుంది. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన భర్హుత్ స్తూపం కంచె మీద ఇలాంటి దృశ్యం చెక్కి ఉంది. తిమితిమింగిలం కడుపు నుంచి వసుగుప్తుణ్ని మహాదేవుడు విడిపించాడని దానిపై శాసనం కూడా వేశారు. మనిషి తిమింగలం మీద దయ చూపడం అందరికీ తెలిసిన కథే. ధర్మరుచి కథలో తిమింగలమే మనిషి మీద దయ చూపింది.

బమ్మెరలో పుట్టిన జలగాథ

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెరను 15వ శతాబ్దపు మహాకవి పోతన స్వగ్రామంగా తెలంగాణ చూసుకుంటుంది. ఆయనది కడప జిల్లా ఒంటిమిట్ట అనే వాదమూ ఉంది, ఆ చర్చ ఈ వ్యాసం పరిధిలోది కాదు. ఆయన భాగవతం ఎనిమిదో స్కంధాన్ని వరసగా చదివితే అదంతా నీటి పుస్తకంలా కనిపిస్తుంది. మడుగులో గజేంద్రుడితో మొదలై, నడుమ పాలసముద్రం చిలికి, చివర మత్స్యావతారంతో ముగుస్తుంది.

తెలుగువాళ్లకు నోటికి వచ్చేది గజేంద్రమోక్షమే. కాని తిమింగలం ప్రస్తావనలో మత్స్యావతార కథ ఎక్కువ పనికొస్తుంది. కృతమాలా నదిలో తర్పణం వదులుతున్న సత్యవ్రతుడి దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. రాజు దాన్ని నదిలోకే వదిలేస్తాడు. పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమని అది వేడుకుంటుంది. రాజుకు జాలేసి కమండలంలో వేస్తే తెల్లారేసరికి కమండలం చాలదు. గంగాళం చాలదు, మడుగు చాలదు, సరోవరం చాలదు. చివరికి సముద్రంలో వదలబోతే, అక్కడ మొసళ్లు తింటాయి, వదలొద్దంటుంది. రాజు చూపిన దయ మొదటి రోజుతో అయిపోలేదు. చేప పెరిగిన ప్రతిసారీ అతను కొత్త చోటు వెతకాల్సి వచ్చింది. ఆ చేపే ప్రళయకాలంలో అతని ఓడను లాగింది. తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలాన్ని కాపాడబోయినవాళ్లకు ఈ కథ ఎంత నిజమో కింద చూస్తాం.

గజేంద్రమోక్షంలోనూ ఒక వివరాన్ని కథకులు తొందరలో దాటేస్తుంటారు. విష్ణుచక్రం మొసలి తల తెగనరికినా దానికీ మోక్షం ఉంది. దేవల మహర్షి శాపంతో మొసలైన హూహూ అనే గంధర్వుడతను. కథలో దుర్మార్గమైన జంతువంటూ ఎవరూ మిగలరు.

ఓరుగల్లు నుంచి మోటుపల్లికి

ఈ మూడు జిల్లాల నేలను ఏలిన కాకతీయులకు సముద్రంతో సంబంధం మోటుపల్లి రేవు ద్వారా ఏర్పడింది. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ రేవులో 1244-45లో గణపతిదేవ చక్రవర్తి అభయ శాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరకంతా మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్లని, తాము మాత్రం ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చిన వర్తకుల పట్ల దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని అందులో ప్రకటించాడు. సుంకం ముప్పయ్యో వంతు. అప్పటిదాకా ఒడ్డున పడ్డది రాజు సొత్తు. ఓరుగల్లు రాజు ఆ రివాజు కొట్టేశాడు. తిమింగలాల విషయంలో ప్రపంచానికి ఇదే బుద్ధి రావడానికి ఇంకో ఏడు వందల ఏళ్లు పట్టింది.

ఆ శతాబ్దం చివర్లో మోటుపల్లి గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో తన గ్రంథంలో సొకోత్రా దీవి దగ్గర తిమింగలాల వేటను, వాటి నుంచి వచ్చే అంబర్ అనే సుగంధ ద్రవ్యాన్ని కూడా వర్ణించాడు. ఉప్పునీట నిలవచేసిన చేప ముక్కల వాసనతో తిమింగలాన్ని మరిపి, తల మీద ఇనప ఈటె దిగ్గొట్టేవారట. అంటే కాకతీయుల కాలానికే హిందూ మహాసముద్రపు అటు ఒడ్డున తిమింగలం సరకైపోయింది.

నేల మీది మూలం

తిమింగలం పూర్వీకులు నాలుగు కాళ్ల మీద నడిచేవి. దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట అవి నీటిలోకి దిగిన తొలి ఆధారాలు దొరికేది భారత ఉపఖండంలోనే: పాకిస్తాన్‌లో పాకిసీటస్, ఆంబులోసీటస్, మన కచ్‌లో కచ్చిసీటస్. భూపాలపల్లి గనుల్లో సింగరేణి తవ్వే బొగ్గు వయసు దీనికి ఐదు రెట్లు పైమాటే. ఆ బొగ్గు చెట్టుగా ఉన్న కాలంలో తిమింగలమే కాదు, దానికి పూర్వీకురాలైన క్షీరదం కూడా లేదు.

తిమింగలం మూలాన్ని కనుక్కోవడంలో భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు పాత్ర పెద్దది. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర ఆయన సేకరించిన శిలాజాల నుంచే 1971లో ఇండోహియస్ అనే చిన్న డెక్కల జంతువును వర్ణించాడు. ఆయన పోయాక రాళ్ల గుట్టలు పగలకుండా అలాగే ఉండిపోయాయి. ఆయన భార్య వాటిని హాన్స్ థెవిసెన్ అనే పరిశోధకుడికి అప్పగించింది. ప్రయోగశాలలో పొరపాటున ఒక పుర్రె విరిగితే లోపల తిమింగలాలకు మాత్రమే ఉంటుందనుకున్న తరహా చెవి ఎముక కనబడింది. 2007లో ప్రకటించిన ఈ ఫలితంతో ఇండోహియస్ వర్గమే తిమింగలాలకు దగ్గరి చుట్టమని తేలింది. గొర్రె, జింక, నీటిగుర్రం కూడా ఈ బంధుత్వంలోకే వస్తాయి. మరోలా చెప్పాలంటే జనగామ గొల్లకురుమల మందకూ తిమింగలానికీ దూరపు చుట్టరికం ఉంది.

నూనె కోసం

తిమింగలం చర్మం కింది కొవ్వును కాచి తీసిన నూనె 18, 19 శతాబ్దాల్లో యూరప్, అమెరికా వీధి దీపాలను వెలిగించింది, యంత్రాలకు కందెన అయింది. స్పెర్మ్ తిమింగలం తలలోని మైనం కొవ్వొత్తులకు పోయింది, బలీన్ ఆడవాళ్ల నడుము బిగింపులకు, గొడుగు ఊచలకు పోయింది. కిరసనాయిలు వచ్చాక వేట తగ్గుతుందనుకున్నారు. జరిగింది వేరు. 1860ల తర్వాత నార్వే దేశస్థుడు స్వెండ్ ఫోయిన్ తెచ్చిన పేలుడు హార్పూన్, ఆవిరి ఓడలు కలిసి అంతకుముందు చేతికి చిక్కని వేగమైన నీలి, ఫిన్ తిమింగలాలను కూడా అందుబాటులోకి తెచ్చాయి. నూనె ఈసారి సబ్బులకు, మార్జరీన్‌కు వెళ్లింది. ఒక్క 20వ శతాబ్దంలోనే చంపినవి దాదాపు 29 లక్షలని అంచనా. తన వేట లెక్కల్లో సోవియట్ యూనియన్ దాచిపెట్టిన భాగాన్ని అలెక్సీ యాబ్లొకోవ్ వంటి ఆ దేశ శాస్త్రవేత్తలే 1990ల్లో బయటపెట్టారు.

1946 ఒప్పందంతో ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట సంఘం మొదట చాలా ఏళ్లు వేటగాళ్ల క్లబ్బులాగే నడిచింది. వాణిజ్య వేటను ఆపాలని 1982లో ఓటేసింది, 1986 నుంచి అమలైంది. భారత్ 1981లో సభ్యత్వం తీసుకుంది. అంతకు ముందే, 1979లో, సెషెల్స్ దేశం ప్రతిపాదనతో హిందూ మహాసముద్రం తిమింగలాల అభయారణ్యమైంది. పెద్ద దేశాలు చేయలేని పని ఒక చిన్న దీవి దేశం చేసింది. నార్వే, ఐస్‌లాండ్ నిషేధాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు, జపాన్ 2019లో సంఘం నుంచి బయటికొచ్చి తన తీరజలాల్లో వేట సాగిస్తోంది.

వేటాడే సమాజాలకు దయ ఉండదనుకోవడం మాత్రం తప్పు. జపాన్‌లోని నాగాతో దగ్గర చచ్చిన తల్లి కడుపులో దొరికిన పిల్లలకు 1692లో సమాధి కట్టారు, అక్కడి గుడిలో చంపిన తిమింగలాలకు మరణానంతర నామాలు రాసిన పట్టీ ఉంది. వియత్నాం జాలరులు తిమింగలాన్ని ‘కా ఓంగ్’ అనే దేవుడిగా కొలుస్తారు. కళేబరం ఒడ్డుకొస్తే మొదట చూసినవాడు పెద్దకొడుకులా కర్మ చేసి మైల పాటిస్తాడు.

పాట విన్న తర్వాత

తిమింగలం మీద లోకం మనసు మార్చింది కన్ను కాదు, చెవి. హంప్‌బ్యాక్ తిమింగలాల ధ్వనులు వరుసలుగా మళ్లీ మళ్లీ వచ్చే పాటలని రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో శాస్త్రీయంగా చూపారు. ఏడాది ముందే వాటి రికార్డు సంగీతం దుకాణాల్లోకి వచ్చింది. 1977లో అంతరిక్షంలోకి పోయిన వాయేజర్ నౌకల బంగారు రికార్డుల్లో కూడా ఆ పాట ఉంది. అరేబియా సముద్రంలోని హంప్‌బ్యాక్‌లు వలసపోకుండా అక్కడే ఉంటాయి. ఒమన్ తీరంలో వాటి సంఖ్య వందకు లోపే.

పాట ఒక తరం నుంచి ఇంకో తరానికి, ఒక గుంపు నుంచి మరో గుంపుకు నేర్చుకోవడం ద్వారా చేరుతుంది. పసిఫిక్‌లో ఆస్ట్రేలియా వైపు పుట్టిన కొత్త పాటను కొన్నేళ్లలో తూర్పు దీవుల దగ్గరి గుంపులు అందుకుంటాయి. స్పెర్మ్ తిమింగలాలు వంశాలుగా విడిపోయి, ఒక్కో వంశం తనదైన టకటక ధ్వనులతో మాట్లాడుకుంటుంది. తల్లి, అమ్మమ్మ, పిన్నులు కలిసి పిల్లను పెంచుతారు. సంస్కృతి మనిషి సొంతమనే మాటకు ఇక్కడ గండిపడింది.

కరుణ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చెప్పాలి. 2018లో జె35 అని గుర్తుపెట్టిన ఓర్కా (కిల్లర్ వేల్) చచ్చిన తన పిల్లను 17 రోజులు ముక్కు మీద మోసింది. 2009లో అంటార్కిటికాలో ఓర్కాలు తరుముతున్న ఒక సీలును హంప్‌బ్యాక్ తన ఛాతీ మీదికి ఎత్తుకోవడాన్ని రాబర్ట్ పిట్‌మన్ బృందం చూసింది. ఓర్కాల వేటకు హంప్‌బ్యాక్‌లు అడ్డుపడిన 115 ఘటనలను ఆయన బృందం తర్వాత గుదిగుచ్చింది. పుట్టుకతో వచ్చిన ఆత్మరక్షణ అలవాటే ఇలా పక్కజాతికి మేలు చేస్తోందని కొందరంటారు. బమ్మెర పాఠకుడికి మాత్రం వెంటనే తట్టేది మడుగు దగ్గర వినబడిన మొర.

తూర్పు తీరంలో

ఆంధ్ర తీరంలో బ్రైడ్స్, నీలి తిమింగలాలు, వాటితోపాటు డాల్ఫిన్ల కళేబరాలు అప్పుడప్పుడు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల నీలి తిమింగలం కొట్టుకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనం చూడ్డానికి ఎగబడ్డారు. వలలు, ఓడలు తగలడం, జబ్బులు, నీటిలో పెరిగిన మోత ఇలాంటి మరణాలకు కారణాలు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కిన భారీ వేల్ షార్క్‌ను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి బతికుండగానే సముద్రంలోకి పంపారు. అది తిమింగలం కాదు, సొరచేప జాతి. అయినా వల పాడైనా సరేననుకున్న జాలరి దయకు జాతిభేదం లేదు.

దయ ఒక్కటే ఎందుకు చాలదో 2016 జనవరిలో తమిళనాడు మణపాడు దగ్గర తెలిసింది. 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. జాలరులు రాత్రంతా పడవలతో లోతుకు లాగారు. చాలా వరకు మళ్లీ ఒడ్డుకే వచ్చాయి, సగానికి పైగా చనిపోయాయి. వీటి కుటుంబ బంధం గట్టిది, ఒకటి ఒడ్డున ఉంటే మిగతావి దాన్ని వదిలిపోవు. ఒక్కొక్కదాన్ని విడిగా నెట్టడం అందుకే పనిచేయదు. అదే తీరంలో 1973 జనవరిలోనూ 147 ఇలాగే వచ్చాయి. సత్యవ్రతుడి కమండలం లాంటిదే ఇదీ, చోటు చాలలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే మార్గదర్శకాలను కేంద్ర పర్యావరణ శాఖ 2021లో తెచ్చింది.

చట్టం, వాంతి, మన వాటా

నీటి క్షీరదానికి రక్షణ కల్పించిన మొదటి ఆజ్ఞల్లో ఒకటి అశోకుడిది. ఆయన ఐదో స్తంభ శాసనం చంపకూడదన్న ప్రాణుల్లో ‘గంగాపుపుటకం’ గంగానది డాల్ఫినేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో నేడు తిమింగలాలున్నాయి. డాల్ఫిన్లను బంధించి ఆటలాడించే కేంద్రాలకు 2013లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ అనుమతి నిరాకరించింది.

లోతట్టు జిల్లాల్లో చట్టం ఎదురయ్యేది ‘తిమింగలం వాంతి’ రూపంలో. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తినేసిన స్క్విడ్ ముక్కుల చుట్టూ తయారయ్యే అంబర్‌గ్రిస్‌కు ఆ పేరు. కోట్లు పలుకుతుందనే ఆశతో మధ్యవర్తులు దీన్ని అమ్మజూపుతుంటారు. మన దేశంలో దీన్ని దగ్గరుంచుకోవడం, కొనడం, అమ్మడం నేరం, మూడు నుంచి ఏడేళ్ల జైలు. కోట్ల ఆశలో చేతికొచ్చేది అంబర్‌గ్రిస్ కాకుండా మైనమే అయ్యే ప్రమాదమూ ఉంది.

సముద్రంలోకి ఈ మూడు జిల్లాల నుంచి వెళ్లేది నీరు. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి భూపాలపల్లి అంచున సాగి బంగాళాఖాతం చేరుతుంది. మహబూబాబాద్ ఆకేరు మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి. మనం వాగులో పారేసిన ప్లాస్టిక్ సంచీ ఆ దారినే పోతుంది, తిమింగలాల పొట్టల్లో ప్లాస్టిక్ దొరికిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

తీరానికి పోయినప్పుడు బతికున్న తిమింగలమో డాల్ఫినో ఒడ్డున కనిపిస్తే తోక పట్టి లాగకండి, తల మీది ఊపిరి రంధ్రంలో నీళ్లు పడనీయకండి, ఒంటి మీద మాత్రం తడి గుడ్డ కప్పి ఉంచండి. జనాన్ని దూరంగా నిలబెట్టి, వెంటనే అటవీశాఖకు కబురు పెట్టండి.